చిత్రకారులకు అలంపురంలో రెండు రోజులు

శని, ఆదివారాలు కుంచెతో గడపదలచిన చిత్రకారులకు తగిన ఊరు పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురం. తుంగభద్ర ఒడ్డునున్న ఈ చిన్న పట్టణంలో బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాలలో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలున్నాయి. పేరు బ్రహ్మదైనా లోపల కొలువైనది శివుడే.

హైదరాబాదు-కర్నూలు రైలుమార్గంలో అలంపూర్ రోడ్ స్టేషన్ ఉంది. బృందంగా వచ్చేవారు బస ముందే చూసుకోవడం మేలు. తూర్పు ముఖం గుళ్లకు ఉదయపు వెలుగు అనువైనది. శిల్పాలు మెండుగా ఉన్న స్వర్గబ్రహ్మ ఆలయంతో మొదలుపెట్టవచ్చు. ఎండ ముదిరితే మ్యూజియం, పొద్దు వాలాక నది ఒడ్డు.

రెండోనాడు కూడవెల్లి సంగమేశ్వరాలయం చూడాలి. ఇది మొదట కృష్ణా తుంగభద్రల సంగమం వద్ద ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునగకుండా రాళ్లు విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలిపారు. గుడి వచ్చింది గాని, మునిగిన పల్లెలు తిరిగి రాలేదు. ఆ పల్లెల వీధులు, అరుగులు ఎరిగిన పెద్దలు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నారు. వారు చెప్పగా విని గీసే బొమ్మలకు గుడి బొమ్మలకన్నా తొందర ఎక్కువ.

శిల్పాలపై కాగితం అద్ది నకలు తీయరాదు. రంగునీళ్లు ఆవరణలో పారబోయరాదు.