పాత కారుకి పొగ పరీక్ష!

ఇరవయ్యేళ్లు దాటిన మారుతీ 800. ఇంట్లోవాళ్లకి అది బండి కాదు, ఇంటి మనిషి. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా ఏ పెళ్లికెళ్లాలన్నా అదే దిక్కు. అలాంటిది కాలుష్య పరీక్షలో తప్పి, 'కన్వర్టర్ పోయింది, మార్చాలి' అంటే గుండె గుభేలుమంటుంది. ఆ ఖర్చు కన్నా అమ్మేయడమే నయమనిపిస్తుంది.

తొందరపడక్కర్లేదు. ఇంజిన్‌కీ సైలెన్సర్‌కీ మధ్య ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో తేనెపట్టు లాంటి గూళ్లుంటాయి. వాటికి ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. ఖరీదంతా అక్కడే. విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డై ఆక్సైడ్‌గా మార్చేది ఆ పూతే. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల కొత్త కార్లతో దీని వాడకం మొదలైంది. సీసం తగిలితే పూత పాడవుతుంది కాబట్టి, సీసం లేని పెట్రోలూ దాని వెంటే వచ్చింది.

నిజానికి కన్వర్టర్ తనంతట తాను చెడేది తక్కువ. ప్లగ్గు సరిగ్గా మండించకపోతే కాలని పెట్రోలు దాంట్లోకి వెళ్లి మండుతుంది. ఆ వేడికి గూళ్లు కరిగిపోతాయి. ప్లగ్గులు అలాగే ఉంచి కన్వర్టర్ మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది!

అందుకే మొదట చవకైనవి చూడాలి. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, వాటి వైర్లు ఇంటిదగ్గరే మార్చుకోవచ్చు. పగిలిన రబ్బరు గొట్టాలూ అంతే. కారు దగ్గర ఎప్పుడూ పెట్రోలు వాసన వస్తుంటే ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా గొట్టాలు చూడండి.

ఆ తర్వాత ఆక్సిజన్ సెన్సర్. పొగలో మిగిలిన ఆక్సిజన్ని బట్టి పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటర్‌కి చెప్పేది ఇదే. ముసలిదైతే లెక్క తప్పుతుంది, మైలేజీ పడిపోతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, గొట్టం గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పాలి. తుప్పు పట్టి కదలకపోతే నూనె వేసి రాత్రంతా వదిలేయాలి. బలవంతం చేస్తే మర తెగుతుంది, చవక పని కాస్తా ఖరీదవుతుంది. కొత్తదాని కొనకి చేతి జిడ్డు తగలనివ్వకూడదు. స్థానికంగా దొరక్కపోతే బెంగళూరు జేసీ రోడ్డు ఎలాగూ ఉంది.

కారు కిందికి దూరే పని మాత్రం మెకానిక్‌కే వదిలేయడం మేలు. ఒక్క జాకీని నమ్ముకుని దూరడం ప్రాణాలతో చెలగాటం. మదనపల్లె చలికి షెడ్డు షట్టర్ దించి ఇంజిన్ ఆన్ చేయడమూ అంతే. ఆ విషవాయువుకి రంగూ వాసనా ఉండవు.

కన్వర్టర్ లోపల గలగలమంటే గూళ్లు విరిగినట్టే. అప్పుడు మార్చాల్సిందే. కొందరు దాన్ని పీకేసి ఉత్త గొట్టం వేయించుకుంటారు. వందేళ్ల కిందటే మంచి గాలి చూసుకుని ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి కట్టిన ప్రాంతంలో ఇదేం పని! పైగా పరీక్షలో దొరికిపోతారు. కార్బన్ మోనాక్సైడ్ బీఎస్-2కి ముందు కార్లకి 3 శాతం దాకా ఉండొచ్చు. బీఎస్-2, 3 కార్లకి 0.5, బీఎస్-4 నుంచి 0.3 శాతమే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో జరిమానా పదివేల దాకా పెరిగింది.

చాలామందికి తెలియని సంగతి మరొకటుంది. చల్లగా ఉంటే కన్వర్టర్ పనిచేయదు. మదనపల్లెవాళ్లు పుంగనూరు దాకా వెళ్లొచ్చి, ఇంజిన్ ఆపకుండా నేరుగా పరీక్షకి పోనివ్వండి.