చక్రాలు తిరగకున్నా ఆయిలు పాడవుతుంది

కోఠి (హైదరాబాద్): ఈఎన్‌టీ ఆసుపత్రికి, సుల్తాన్‌బజారు ప్రసూతి ఆసుపత్రికి జిల్లాల నుంచి రోగులను తెచ్చే వ్యాన్లు కోఠి చుట్టుపక్కల గంటల తరబడి నిలిచి ఉండడం మామూలే. లోపల ముసలివాళ్ళు, బాలింతలు ఉంటారు గనుక ఎండవేళ ఏసీ ఆపే వీలుండదు. ఏసీ ఆడాలంటే ఇంజను ఆడాలి. సినిమా షూటింగుల కారవాన్ల సంగతీ కొంతవరకు ఇంతే. బండి కదలదు, జనరేటరు మాత్రం మోగుతూనే ఉంటుంది.

చాలామంది ఓనర్లు పొరబడుతున్నది ఇక్కడే. మీటరులో కిలోమీటర్లు చూసి ఆయిలు మార్పిస్తారు. మీటరు చక్రాల లెక్క చెబుతుంది గాని ఇంజను లెక్క చెప్పదు. నిలిపి ఉంచి గంటసేపు ఇంజను ఆడిస్తే సుమారు 40 కిలోమీటర్లు నడిచినట్టే లెక్కించాలని ఫోర్డ్ కంపెనీ తన వాహనదారులకు చెబుతుంది. ఆ లెక్కన కోఠిలో మూడేసి గంటలు ఆగే బండి నెలకు పది ట్రిప్పులు వేస్తే, మీటరుకు ఎక్కని కిలోమీటర్లు 1,200! జనరేటరుకైతే కిలోమీటర్లే లేవు. గంటల మీటరు చూసి, కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చడమే దారి.

నెలల తరబడి షెడ్డులో ఉన్న టూరు వ్యాను ఆయిలు కొత్తగానే ఉంటుందనుకోవడమూ పొరపాటే. లోపల చేరిన తేమ, ఆమ్లాలు బేరింగులను తినేస్తాయి. రోజూ ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. ఇంజను పూర్తిగా వేడెక్కదు, తేమ ఆరదు. రోడ్డెక్కించి అరగంట నడపాలి. కిలోమీటర్లు నిండకున్నా సాధారణంగా ఏడాదికి ఒకసారైనా ఆయిలుతోపాటు ఫిల్టరు మార్చాలి. పాత ఫిల్టరు ఉంచి కొత్త ఆయిలు పోయడం మురికి కుండలో మంచినీళ్ళు పోయడమే.

బండిని చదును నేలమీద ఆపి, ఇంజను కట్టేసిన కొన్ని నిమిషాలకు గేజి కడ్డీ తీసి చూడాలి. డీజిలు బండిలో ఆయిలు మసి పట్టి త్వరగా నల్లబడుతుంది, దానికి బెదరనక్కర లేదు. పాలరంగుకు తిరిగితే మాత్రం నీళ్ళు కలిసినట్టు అనుమానించాలి. మెకానిక్కు చూసేదాకా బండి కదపరాదు. ఇంజను పట్టేసిందంటే బండి నెలల పాటు షెడ్డులో, కిస్తీలు మాత్రం నెలనెలా!

తీసిన పాత ఆయిలును కొందరు మోరీలో పారబోస్తున్నారు. మూసీ ఇక్కడికి ఎంతో దూరం లేదు. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగు వారికే చేర్చాలి.