వేదిక ఎక్కే ప్రతి ఆడపిల్లకూ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఫంక్షన్ హాళ్లలో నేను యాంకరింగ్ చేస్తాను. మాతో డాన్స్ చేసే పిల్లలు సినిమా అవకాశాల కోసం హైదరాబాద్ బస్సెక్కుతుంటారు. అక్కడ అవకాశం పేరిట వేధింపులున్నాయంటూ 2018 ఏప్రిల్‌లో ఫిల్మ్ చాంబర్ ముందు నటి శ్రీరెడ్డి నిరసన తెలిపారు. 2019లో తెలంగాణ ప్రభుత్వం సినీరంగంలోని ఈ వేధింపులపై కమిటీ వేసింది. 2024 ఆగస్టులో కేరళలో సినీరంగ మహిళల సమస్యలపై హేమ కమిటీ నివేదిక వెలువడ్డాక, మన కమిటీ నివేదికనూ బయటపెట్టాలని నటి సమంత కోరారు.

పిల్లలకు నేను చెప్పేది ఒకటే: పనిచేసే చోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం మీకూ రక్షణే. 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట ఫిర్యాదులు తీసుకునే అంతర్గత కమిటీ ఉండాలి. 10 మందికన్నా తక్కువైతే ఘటన జరిగిన 3 నెలల్లోపు జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు రాసివ్వండి. ఘటన కోదాడలో జరిగితే సూర్యాపేట జిల్లా, మిర్యాలగూడలో జరిగితే నల్లగొండ జిల్లా. విచారణ 90 రోజుల్లో ముగియాలి. నోరు విప్పినందుకు ఏ పిల్లా పని పోగొట్టుకోకూడదు.