ఎఱ్ఱదీపము లార్పిన నాడు

బడిలో సాయంకాలపు గంట మ్రోగిన పిమ్మట ఉపాధ్యాయుడు ఒకమాఱు గుమ్మము వంక చూడవలెను. వరుసగా నడచినచో పిల్లలందఱును కొలది నిమిషములలో వెలికి పోగల ద్వారమది. అందఱును ఒక్కుమ్మడిగా పరుగెత్తినచో భుజములు ఒరసికొనును, పుస్తకముల సంచులు చిక్కుకొనును, ముందున్నవాడు కదలడు, వెనుకనున్నవాడు ఆగడు. గుమ్మము వెడల్పు మాఱలేదు. పిల్లల సంఖ్యయు మాఱలేదు. వారు వచ్చిన తీరు మాత్రమే మాఱినది. మహానగరములలో రాజమార్గములు కలిసికొను కూడళ్లయందు ఉదయ సాయంకాలములలో జరుగుచున్నదియు ఇదియే.

ఈ కూడళ్లను కట్టిన ఇంజనీర్లు తెలివి తక్కువవారు కారు. దారులు ఒకదాని నొకటి ఖండించుకొనకుండ ఒకదానిపై నొకటి పోవునట్లు చేసి, నాలుగు మూలల నాలుగు వలయములు చుట్టిన కూడలికి ఆర్థర్ హేల్ అను అమెరికా ఇంజనీరు 1916లో పేటెంటు పొందెను. 1929లో న్యూజెర్సీ రాష్ట్రమందలి వుడ్‌బ్రిడ్జిలో అట్టి కూడలి వెలసినది. పైనుండి చూచినచో నాలుగు రేకుల పూవు వలె నుండును. ఎదురు వాహనములను దాటి మలుగవలసినవాడు ఒక రేకు చుట్టు తిరిగి తన దారిలో పడును. ఎవ్వరును ఆగనక్కఱ లేదు.

కాగితముమీద ఇది చక్కగనే యున్నది. కాని ఒక రేకునుండి వచ్చి మార్గములో చేరువాడును, మార్గమునుండి తరువాతి రేకులోనికి పోవువాడును ఆ రెండు రేకుల నడిమి కొద్దిపాటి దూరములోనే ఒకరి దారి నొకరు దాటవలెను. ఒకడు వేగము పెంచుచుండును, ఒకడు తగ్గించుచుండును. బండ్లు తక్కువగా నున్ననాడు ఇబ్బంది లేదు. ఎక్కువైననాడు ఒక్కడు బ్రేకు త్రొక్కిన చాలును, వాని వెనుక నున్నవారందఱును త్రొక్కవలెను. కాలక్రమమున వుడ్‌బ్రిడ్జిలోని ఆ పూవును తొలగించి వేఱొక రీతి కూడలిని కట్టవలసివచ్చినది.

ఒక్క బ్రేకు అంత పని చేయునా యని సందేహించువారికి జపాను శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగ మొకటి కలదు. దాని ఫలితములు 2008లో వెలువడినవి. 230 మీటర్ల చుట్టుదారిలో 22 కార్లను నిలిపి, గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో సమానముగా నడుపుడని చెప్పిరి. కూడలి లేదు, అడ్డంకి లేదు. అయినను కొంతసేపటికే ఒకచోట కార్లు గుమిగూడి నిలిచెను. ఆ నిలుపుదల అల వలె వెనుకకు, కార్లు పోవు దిక్కునకు ఎదురుగా, ప్రాకసాగెను. బోధనకు ఎంతయో తగిన ప్రయోగము. ఆటస్థలములో పిల్లలను వలయముగా నడిపించియు దీనిని కొంత చూపవచ్చును.

దారిని వెడల్పు చేయరాదా యని చుఱుకైన విద్యార్థి అడుగును. పట్టణపు రాజమార్గమును ఎంత పెంచినను రద్దీవేళలో వాహనములు ఆ మేరకు పెరిగి దానిని నింపునని ఆంథొనీ డౌన్స్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 1962లోనే వ్రాసెను.

ఇక మిగిలినది గుమ్మమువద్ద ఒకరిని నిలుపుట. 1963లో షికాగో నగరమున ఐసెన్‌హోవర్ ఎక్స్‌ప్రెస్‌వేకు ఎక్కుదారిలో ఒక పోలీసు నిలుచుండి కార్లను ఒక్కొక్కటిగా విడిచెను. పోలీసు స్థానమున పిమ్మట దీపము వచ్చినది. పచ్చదీపము వెలిగిన ప్రతిమాఱును ఒక్క కారు పోవును, తక్కినవి ఆగవలెను.

హైదరాబాదు సికింద్రాబాదుల వలె మినియాపొలిస్, సెయింట్ పాల్ అను నగరములును జంటనగరములు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములోనివి. 2000 నాటికి అచ్చట ఇట్టి దీపములు సుమారు 430 ఉండెను. జనులకు వానిపై ఆగ్రహము మెండు. ఎదుట రాజమార్గము సాఫీగా సాగుచుండుట కన్నులకు కనబడును. తాను మాత్రము ఎఱ్ఱదీపము ముందు నిలువవలెను. ఆ ఆగ్రహము అకారణము కాదు. దూరపు శివారునుండి వచ్చువాడు మార్గము ఖాళీగా నున్నచోటనే ఎక్కి, ఆగకుండ పోవును. నగరమునకు దగ్గఱగా కాపురమున్నవాడు వాని సౌఖ్యము కొఱకు వేచియుండవలెను. డిక్ డే అను శాసనసభ్యుడు ఈ ఫిర్యాదును చేపట్టెను. దీపముల నార్పి చూడవలెనని శాసనసభ ఆజ్ఞాపించెను.

ఆ యేడు అక్టోబరు నడుమ దీపము లన్నియు ఆఱెను. డిసెంబరు మొదటి దినముల వరకు ఎవరికి తోచినట్లు వారు ఎక్కిరి. లెక్కలు తీసి చూడగా, రాజమార్గములు మోసిన వాహనములు నూటికి 9 తగ్గినవి. వానిపై ప్రయాణకాలము నూటికి 22 పెరిగినది. ప్రమాదములు నూటికి 26 పెరిగినవి. ఎక్కుదారులలో ఆదా యైన కాలముకంటె మార్గముపై పోయిన కాలమే అధికము.

ఇంజనీర్లు గెలిచిరని చెప్పుట సులభము. కాని అట్లు చెప్పినచో సగమే చెప్పినట్లగును. మొత్తముమీద నగరమునకు లాభము కలిగినమాట నిజమే. ఆ లాభము కొఱకు ఆగినవాడు ఎంతసేపు ఆగవలెనో అంతకు ముందు ఎవ్వరును హద్దు పెట్టలేదు. దీపము లాఱకుండిన ఆ ప్రశ్న పుట్టెడిదియే కాదు. తిరిగి వెలిగించునపుడు అన్నిటిని వెలిగింపలేదు. వెలిగించినచోట సాధారణపు ఎక్కుదారిలో ఏ వాహనమును 4 నిమిషములకు మించి ఆగరాదనియు, ఒక రాజమార్గమునుండి మఱియొక రాజమార్గమునకు పోవుచోట 2 నిమిషములకు మించరాదనియు నియమ మేర్పఱచిరి.