అండమాన్ యాత్ర : రెండవ వరుసలోని గది

ఎల్.టి.సి. మంజూరైన నాటి నుండి ఉద్యోగి ఇంట పండుగ వాతావరణం నెలకొంటుంది. అటువంటి ప్రయాణాలలో అండమాన్ దీవులది ప్రత్యేక స్థానం. సెల్యులార్ జైలు, పగడపు దిబ్బలు, రాధానగర్ సాగరతీరం అన్న పేర్లు వినగానే పిల్లలు గంతులు వేస్తారు. అయితే ఆటిజం గల బిడ్డ ఉన్న ఇంట ఈ ఉత్సాహం వెనుక ఒక బెంగ కూడా దాగి ఉంటుంది. కొత్త చోట బిడ్డ నిద్రపోతాడా? కొత్త శబ్దాలను తట్టుకోగలడా? ఈ బెంగతోనే ఏళ్ల తరబడి ప్రయాణాన్ని వాయిదా వేసుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మాదీ అటువంటి కుటుంబమే. రెండు పర్యాయాలు ఆ దీవులకు వెళ్ళి వచ్చిన మీదట, విడిది గది ఎంపికను గురించి మేము నేర్చుకున్నది తోటి కుటుంబాలతో పంచుకోవడం ధర్మమని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

శబ్దం అందరికీ ఒకటి కాదు

ఆటిజం అంటువ్యాధి కాదు, పెంపకంలోని లోపం అంతకన్నా కాదు. అది మెదడు ఎదుగుదలలోని ఒక భిన్నత్వం. 1943లో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లలను పరిశీలించి దీనిని వివరించారు. శబ్దానికి, వెలుతురుకు, స్పర్శకు, వాసనకు అతిగా గాని అత్యల్పంగా గాని స్పందించడాన్ని 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలోని లక్షణాలలో చేర్చింది. స్వయంగా ఆటిజం గల శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్, బాల్యంలో పెద్ద శబ్దాలు తనకు పంటి నరానికి మర తగిలినంత బాధ కలిగించేవని తన రచనలలో తెలిపారు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నది.

కాబట్టి నిశ్శబ్దమైన గది కోరడం గారాబం కాదు, అవసరం. కానీ నిశ్శబ్దమన్న మాటకు ప్రతి బిడ్డ విషయంలో అర్థం వేరు. మా బాబుకు అలల హోరు జోలపాట వంటిది. ఎడతెగక ఒకే తీరుగా వినిపించే శబ్దం వాడిని బాధించదు. అకస్మాత్తుగా మొదలయ్యే జనరేటరు, పక్కగదిలో ధన్‌మని మూసుకొనే తలుపు, నీళ్ల మోటారు మాత్రం వాడు చెవులు మూసుకొని నేలపై కూలబడేటట్లు చేస్తాయి. మరొక బిడ్డకు ఇది తలక్రిందులు కావచ్చును. ప్రయాణానికి ముందు ఒక వారం రోజులు ఏ శబ్దానికి బిడ్డ ఎట్లా స్పందిస్తున్నాడో ఒక కాగితంపై వ్రాసుకుంటే, గదిని గురించి ఏమి అడగాలో దానంతట అదే తేటపడుతుంది.

మా మొదటి పొరపాటు

మొదటి పర్యాయం స్వరాజ్ ద్వీప్‌లో దిగాము. 2018 వరకు హేవ్‌లాక్ అని పిలిచిన దీవి ఇదే. అక్కడి విడిది గృహాలలో అనేకం తూర్పు తీరాన, గోవిందనగర్, విజయనగర్ ప్రాంతాలలో ఉన్నాయి. భోజనశాలకు దూరంగా, అన్నిటికన్నా చివర, సముద్రాభిముఖంగా ఉన్న కుటీరాన్ని ఎక్కువ అద్దె చెల్లించి మరీ తీసుకున్నాము. జనసంచారం లేదు, పాటల రొద లేదు. ఇంతకన్నా నిశ్శబ్దమైన చోటు ఉండదని సంబరపడ్డాము.

మేము గమనించని విషయాలు రెండు. అండమాన్ దీవులు మనకు ఎంతో తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందువల్ల అక్కడ విశాఖపట్నం కంటే సుమారు అరగంట ముందే తెల్లవారుతుంది. వేసవిలో ఐదు గంటలకే సూర్యుడు ఉదయిస్తాడు. తూర్పు ముఖంగా ఉన్న మా గది పలుచని తెరల గుండా ఆ వెలుగు నేరుగా బాబు కళ్ళపై పడింది. ఇక రెండవది, మా గుమ్మానికీ నీటికీ మధ్య ఇరవై అడుగుల ఇసుక మాత్రమే ఉంది.

మాకు మెలకువ వచ్చేసరికి పక్క ఖాళీగా ఉంది, తలుపు బార్లా తెరచి ఉంది. పరుగున బయటకు వెళ్ళి చూస్తే బాబు మోకాలి లోతు నీటిలో నిలబడి మెరిసే అలలను చూస్తున్నాడు. వాడికి రెండు అడుగుల దూరంలో ఆ విడిది తోటమాలి నిలబడి ఉన్నాడు. కేక వేయలేదు, చేయి పట్టి లాగలేదు. "కంగారు పడకండమ్మా, బాబుని చూస్తూనే ఉన్నాను" అన్నాడు. శ్రీకాకుళం జిల్లా నుండి వలస వచ్చిన కుటుంబమట. ఆ ఉదయం ఆయన అక్కడ లేకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికి నేటికీ ధైర్యం చాలదు.

ఇది మా ఇంటి ముచ్చట మాత్రమే కాదు. 2012లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో, ఆటిజం గల పిల్లలలో దాదాపు సగం మంది నాలుగేళ్ల వయసు దాటిన తరువాత కనీసం ఒక్కసారైనా పెద్దల కన్నుగప్పి వెళ్ళిపోవడానికి ప్రయత్నించారని తల్లిదండ్రులు తెలియజేశారు. అట్లా వెళ్ళిన పిల్లలకు ప్రధానమైన ప్రాణాపాయం నీటి వల్లనే. అనేకమంది పిల్లలకు నీరంటే అమితమైన ఆకర్షణ. పైగా అండమాన్ జలాలలో ఉప్పునీటి మొసళ్ళు కూడా ఉన్నాయి. మనుషుల సందడికి దూరమైన గది నీటికి దగ్గరైన గది అయితే, నిశ్శబ్దమే ప్రమాదమవుతుంది.

రెండవ వరుస ఎందుకు మేలు

రెండవ పర్యాయం సముద్రానికి వెనుక వరుసలో, తోట వైపు గుమ్మం ఉన్న గదిని ఎంచుకున్నాము. అద్దె తక్కువ. కిటికీ పడమటి వైపు ఉండడం వల్ల ఉదయపు వెలుగు నేరుగా పడలేదు. అలల హోరు వినిపించింది కాని, నీటిని చేరాలంటే ముందు వరుస దాటి, పనివారు తిరిగే దారి గుండా పోవాలి. వెదురు, చెక్క గోడల కుటీరాలు చూడముచ్చటగా ఉంటాయి కాని శబ్దాన్ని ఆపలేవు. మేము ఇటుక గోడల గదినే అడిగి తీసుకున్నాము. రేకుల కప్పు విషయం కూడా మరువరాదు. ఈ దీవులలో ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. మే నుండి డిసెంబరు వరకు ఎప్పుడు వాన వచ్చినా రేకుల క్రింద మాట వినిపించదు. అటువంటి బిడ్డతో వెళ్ళేవారికి జనవరి నుండి ఏప్రిల్ వరకు అనువైన కాలం.

ఫోనులో అడగవలసినవి

"గది నిశ్శబ్దంగా ఉంటుందా?" అని అడిగితే ఉంటుందనే జవాబు వస్తుంది. అందుచేత ప్రశ్న సూటిగా ఉండాలి. జనరేటరు గదికి ఎన్ని అడుగుల దూరంలో ఉంది? ద్వీపాలలో విద్యుత్తు ప్రధానంగా డీజిలు యంత్రాల నుండే వస్తుంది కనుక ఈ ప్రశ్న తప్పనిసరి. నీళ్ల మోటారు ఏ వేళ వేస్తారు? పాటలు రాత్రి ఎంతవరకు ఉంటాయి? పరిసరాలలో కట్టడపు పని జరుగుతున్నదా? పక్కగదితో ఉమ్మడి గోడ ఉందా? తలుపుకు బిడ్డకు అందనంత ఎత్తున లోపలి గడియ ఉందా? గుమ్మం నుండి నీటికి దూరమెంత, ఈత కొలను ఉంటే దానికి కంచె ఉందా? పోటు సమయంలో నీరు ఎక్కడి వరకు వస్తుంది? తూర్పు తీరాన పాటు వేళ సముద్రం చాలా దూరం వెనుకకు పోతుంది. మధ్యాహ్నం చూసిన దూరాన్ని నమ్మి రాత్రి నిశ్చింతగా ఉండరాదు.

గది, పడక, స్నానాల గది, దారి ఫోటోలు ముందుగా తెప్పించుకొని బిడ్డకు పది రోజులు చూపించాము. దిగిన నాడు వాడు ఆ గదిని గుర్తుపట్టి తానే ముందు లోపలికి నడిచాడు. ఇంటి దుప్పటి, తలగడ గలీబు వెంట ఉంటే తెలిసిన స్పర్శ, తెలిసిన వాసన తోడుంటాయి.

గదిలో చేరిన వెంటనే

మొదట తలుపు గడియకు ఒక మువ్వల పట్టీ కట్టాము. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడే ఆ మువ్వల సవ్వడి వినిపిస్తుంది. నిశ్శబ్దం బిడ్డకే కాదు, కాపలా కాసే తల్లిదండ్రులకూ అవసరమని అప్పుడు గ్రహించాము. రాత్రి ఎవరు ఎప్పుడు మేలుకొని ఉండాలో వంతులు వేసుకున్నాము. బయటి నుండి తాళం మాత్రం ఎన్నడూ వేయరాదు. అగ్నిప్రమాదం వంటివి సంభవిస్తే అదే ఉరి అవుతుంది.

తరువాత విడిది సిబ్బందికి బాబును పరిచయం చేశాము. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. అందుచేత మన భాషలో చెప్పుకోగల మనిషి ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. "బాబు మాట్లాడడు, పిలిస్తే పలకడు, ఒంటరిగా కనిపిస్తే కేకలు వేయకుండా దగ్గర నిలబడి మాకు కబురు పెట్టండి" అని చెప్పాము. ఈ ఒక్క వాక్యం చెప్పడానికి మొదటిసారి మేము సిగ్గుపడ్డాము. ఆ సిగ్గు ఖరీదెంతో తెలిశాక మరెన్నడూ పడలేదు.

ఆ పర్యాయం నాలుగు రాత్రులు బాబు ఇంట్లో వలెనే నిద్రపోయాడు. సాయంవేళ చేయి పట్టుకొని సముద్రం చూపించాము, కడుపార నవ్వాడు. యాత్రల కరపత్రాలలో ముఖచిత్రమయ్యేది సముద్రాభిముఖమైన గది. మన బిడ్డకు తగిన గది సాధారణంగా దాని వెనుక వరుసలో ఉంటుంది. దానిని వెదకి పట్టుకునే ఓపిక ఉంటే, వాయిదా పడిన ప్రయాణాలు మళ్ళీ మొదలవుతాయని మా అనుభవం. ఈ బెంగతోనే ఇల్లు కదలని కుటుంబాలు ఈసారి సెలవుకు దరఖాస్తు పెట్టుకోవాలని కోరుకుంటున్నాము.