పళ్ళ మీది మచ్చలు

పిల్లలూ! మర్రిపాడులో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉన్నదనుకోండి. ఆమెకు ఎత్తుపళ్ళు. రెండేళ్ళపాటు నెలనెలా నాన్నతో బస్సెక్కి, ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోయి, పళ్ళ డాక్టరు చేత క్లిప్పులు బిగింపించుకుని వచ్చింది. చివరకు ఒకనాడు డాక్టరు క్లిప్పులు ఊడదీశాడు. పళ్ళు చక్కగా వరసకు వచ్చాయి. కాని ఇంటికి వచ్చి అద్దంలో చూసుకునేసరికి ఆమె ముఖం చిన్నబోయింది. క్లిప్పు అంటించిన చోట చుట్టూ సున్నం చిలికినట్టు తెల్లని మచ్చలున్నాయి. అవి చాలవన్నట్టు, ముందుపళ్ళ మీద అడ్డంగా ఎప్పటినుంచో ఉన్న గోధుమరంగు చారలు, ఇన్నాళ్ళూ క్లిప్పుల చాటున దాగినవి, ఇప్పుడు కొట్టవచ్చినట్టు కనిపిస్తున్నాయి.

"ఇటుక పొడితో నాలుగు రోజులు గట్టిగా తోమవే, అవే పోతాయి," అన్నది అవ్వ.

"నిమ్మచెక్కకు ఉప్పు అద్ది రుద్దు. మా అక్క అట్లాగే చేసింది," అన్నది పక్కింటి స్నేహితురాలు.

"బొగ్గుపొడి మంచిదట, ఫోనులో చూశాను," అన్నాడు చిన్నాన్న.

ముగ్గురూ ఆ పిల్ల మేలు కోరేవాళ్ళే. కాని వాళ్ళ మాట వింటే ఆమె పళ్ళు ఏమవుతాయి? అది తెలియాలంటే, అసలు పన్ను ఎట్లా తయారయిందో ముందు తెలుసుకోవాలి.

మన శరీరంలో అన్నిటికంటె గట్టి వస్తువు ఏది? ఎముక అని మీరనవచ్చు. కాదు, పన్ను మీద ఉండే పై పొర. దానిని పింగాణి అంటారు. దాని బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేటు కలిసి ఏర్పడిన అతి చిన్న స్ఫటికాలు అందులో ఒత్తుగా పేర్చి ఉంటాయి. ఈ పొర బాగా మందంగా ఉన్నచోట కూడా సుమారు రెండున్నర మిల్లీమీటర్లే ఉంటుంది.

ఇంత గట్టి పింగాణికి ఒక లోపం ఉన్నది. చర్మం గీసుకుపోతే మళ్ళీ మూసుకుంటుంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది. పింగాణి అరిగిపోతే మాత్రం మళ్ళీ పుట్టదు. ఎందుకంటే దానిని తయారుచేసిన జీవకణాలు, పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేలోపలే తమ పని ముగించుకుని పోతాయి. మీకిప్పుడున్న పింగాణితోనే మీరు ముసలివాళ్ళయిందాకా గడుపుకోవాలి.

ఇంకొక సంగతి కూడా ఉన్నది. నూనె రాసిన కాగితంలోనుంచి వెలుతురు వచ్చినట్టే పింగాణిలోనుంచి కూడా కొంత వెలుతురు పోతుంది. దాని కింద ఉన్న పంటిభాగం కొంచెం పసుపుగా ఉంటుంది. ఆ పసుపు పింగాణి గుండా లీలగా కనిపిస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న పన్ను కూడా సున్నంలాగా తెల్లగా ఉండదు, మీగడ రంగులో ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, పింగాణిని అరగదీస్తే ఏమవుతుంది? కింది పసుపు మరింత బయటపడుతుంది. పన్ను తెల్లబడటానికి బదులు పచ్చబడుతుంది!

ఉదయగిరిలో కొయ్యతో గరిటెలూ, చెంచాలూ చేసే పనివారున్నారు. చెక్కిన గరిటెను నున్నగా రుద్దుతున్నప్పుడు ప్రతి రుద్దుకూ కాస్త కొయ్య పొడిగా రాలుతుంది. రుద్దటం ఎక్కడ ఆపాలో ఆ పనివాడి చేతికి తెలుసు. ఇటుక పొడికీ, బొగ్గుపొడికీ అది తెలియదు. నిమ్మరసం సంగతి వేరు. అది ఆమ్లం గనక, రుద్దకుండానే పింగాణిలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. ముందు నిమ్మరసం తగిలించి ఆ పైన ఉప్పుతో రుద్దటమంటే, మట్టిగోడను తడిపి గీకటమే. నెల్లూరు జిల్లాలో నిమ్మతోటలకు కొదవ లేదు. వాటి కాయలను మజ్జిగలోనూ, పులిహోరలోనూ పిండుకుందాం. పళ్ళకు మాత్రం వద్దు.

మరి ఆ మచ్చలు పోయేదెట్లా? పళ్ళ మీది మచ్చలన్నీ ఒక రకం కావు. ఏది ఏ రకమో తెలిస్తే సగం పని అయినట్టే.

మొదటి రకం, పన్ను పైన పట్టేది. కాఫీ, టీ, తాంబూలం, పొగాకు వల్ల వచ్చే గార ఇదే. మర్రిపాడు మండలం పొగాకు పండే చోటు, డి.సి.పల్లిలో పొగాకు వేలం కేంద్రం కూడా ఉన్నది. చుట్ట తాగే తాతల పళ్ళు చూస్తే ఈ గార ఎట్లా ఉంటుందో మీకు తెలుస్తుంది. క్లిప్పులు తీయించుకున్నవారికి ఇందులోనే మరొకటి ఉంటుంది: జిగురు. పూర్వం క్లిప్పులను ప్రతి పంటికీ లోహపు పట్టీ చుట్టి నిలబెట్టేవారు. 1955లో అమెరికాలో మైకేల్ బ్యూనొకోర్ అనే పంటివైద్యుడు, పింగాణి మీద కొద్ది క్షణాలు ఆమ్లం పూసి కడిగితే కంటికి కనపడని గుంటలు పడి, జిగురు వాటిలోకి దిగి గట్టిగా పట్టుకుంటుందని చూపాడు. తరువాతి కాలంలో క్లిప్పులను తిన్నగా పంటికే అంటించటం సాధ్యమయింది. క్లిప్పులు ఊడదీసినాక ఈ జిగురు ఎక్కడైనా మిగిలితే అది రంగు పీల్చుకుంటుంది. గారనూ, జిగురునూ డాక్టరు తగిన పనిముట్లతో తీసి పంటిని నున్నగా మెరుగుపెడతాడు.

రెండవ రకం, ఆ తెల్లని మచ్చలు. క్లిప్పులున్నప్పుడు వాటి చుట్టూ బ్రష్షు సరిగా అందదు. అక్కడ పాచి చేరుతుంది. పాచిలోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని తిని ఆమ్లం తయారుచేస్తాయి. ఆ ఆమ్లం పింగాణిలోని ఖనిజాన్ని కొంచెం కొంచెంగా లాగేస్తుంది. ఖనిజం పోయినచోట వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. అంటే ఆ తెలుపు శుభ్రతకు గుర్తు కాదు, పన్ను పుచ్చటానికి మొదటి మెట్టు.

అయితే భయపడనక్కర్లేదు. మన ఉమ్మిలో కాల్షియమూ, ఫాస్ఫేటూ ఉన్నాయి. ఆమ్లం దాడి తగ్గితే ఆ ఖనిజం కొంత తిరిగి పంటిలోకి చేరుతుంది. ఫ్లోరైడు ఉన్న టూత్‌పేస్టుతో రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్షుతో తోముకుంటూ, తీపి తగ్గించి, కొన్ని నెలలు ఓపిక పడితే చాలా మచ్చలు పలచబడతాయి. ఈలోపల తొందరపడి పళ్ళను తెల్లబరచే మందు వాడితే, మచ్చా, మచ్చ లేని భాగమూ కూడా తెల్లబడి, రెంటికీ తేడా అట్లాగే మిగలవచ్చు.

మూడవది మన అమ్మాయి పళ్ళ మీది గోధుమరంగు చారలు. ఇవి పైన పట్టినవి కావు, పింగాణి లోపలే ఉన్నవి. వీటి వెనక పెద్ద కథ ఉన్నది.

1901లో ఫ్రెడరిక్ మెకే అనే యువ పంటివైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి వచ్చాడు. అక్కడ పుట్టి పెరిగిన చాలామంది పళ్ళ మీద గోధుమరంగు మచ్చలుండటం చూసి ఆశ్చర్యపోయాడు. కారణం ఎవరూ చెప్పలేకపోయారు. ఆయన ఏళ్ళ తరబడి దాని వెంట పడ్డాడు. 1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే ఊరికి వెళ్ళాడు. దూరాన ఉన్న ఒక వేడి నీటి ఊట నుంచి తమ ఊరికి గొట్టం వేసిన తరువాతే పిల్లల పళ్ళకు ఈ మచ్చలు వస్తున్నాయని అక్కడి తల్లిదండ్రులు ఆయనతో చెప్పారు. ఆ నీళ్ళు మానండని ఆయన సలహా ఇచ్చాడు. ఊరివారు మరొక ఊట నీరు తెచ్చుకున్నారు. కొన్నేళ్ళకు, ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కొత్తగా వచ్చిన పళ్ళు మచ్చ లేకుండా వచ్చాయి!

నీళ్ళలో ఏదో ఉన్నదని తేలింది గాని, అది ఏమిటో తెలియలేదు. 1931లో అల్యూమినియం కంపెనీలో పనిచేసే చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, ఆర్కన్సా రాష్ట్రంలోని బాక్సైట్ అనే ఊరి నీటిని పరీక్షించి, అది ఫ్లోరైడు అని కనిపెట్టాడు.

ఆ తరువాత ఆరేళ్ళకే ఈ కథ మన ఇంటికి వచ్చింది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరైడు జబ్బును గురించి వైద్య పత్రికలో రాశారు. అప్పటి నెల్లూరు జిల్లా పెద్దది. 1970 దాకా కనిగిరి, పొదిలి, దర్శి కూడా అందులోనే ఉండేవి. పళ్ళ మీద మచ్చలే కాదు, కొందరు పెద్దవాళ్ళ ఎముకలు కూడా బిగుసుకుపోవటం వారు చూశారు. ఈ వ్యాధి గురించి మన దేశంలో వెలువడిన మొదటి రచనలలో ఇది ఒకటి.

ఫ్లోరైడు ఎక్కడినుంచి వస్తుంది? రాళ్ళలోనుంచి. నేల లోతున రాళ్ళ మధ్య చాలాకాలం నిలిచిన నీటిలో అది కరుగుతుంది. పడమటి నెల్లూరు మెట్ట సీమలో కొన్ని బోరు నీళ్ళలో అది ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాకా ఉండవచ్చుననీ, వేరే నీరు దొరకనప్పుడు ఒకటిన్నరకు మించరాదనీ మన దేశపు ప్రమాణం. మితంగా ఉంటే పంటిని పుచ్చకుండా కాపాడేదీ ఫ్లోరైడే, మితిమీరితే పంటిని పాడుచేసేదీ ఫ్లోరైడే.

ఇది పంటికి చెరుపు చేసే కాలం ఒకటున్నది. దవడలో పళ్ళు తయారవుతున్నప్పుడు మాత్రమే, అంటే పుట్టినప్పటినుంచి సుమారు ఎనిమిదేళ్ళ వయసు లోపల, ఈ మచ్చలు ఏర్పడతాయి. ముందుపళ్ళకు మొదటి మూడు నాలుగేళ్ళు ముఖ్యం. ఆ తరువాత పంటికి ఈ మచ్చలు కొత్తగా రావు. కనక మన అమ్మాయి ఫ్లోరైడు పేస్టు వాడటానికి జంకనక్కర్లేదు. తోముకుని ఉమ్మేస్తే చాలు.

మరి లోపలి చారలను తీసే దారి లేదా? ఉన్నది. అది క్లిప్పులు తీసిన పళ్ళ దగ్గరే దొరికింది. 1960ల చివర, అదే ఆర్కన్సా రాష్ట్రంలో, ఫోర్ట్‌స్మిత్ పట్టణంలో క్లస్మయర్ అనే డాక్టరు పళ్ళు సరిచేసేవాడు. క్లిప్పులు తీసినాక పళ్ళు మళ్ళీ పక్కకు జరగకుండా రాత్రిళ్ళు ఒక అచ్చు తొడుక్కోవాలి. చిగుళ్ళ వాపు తగ్గటానికని ఆయన ఆ అచ్చులో పెరాక్సైడు ఉన్న మందు వేసుకోమన్నాడు. చిగుళ్ళు బాగుపడ్డాయి. దానితోపాటు పళ్ళు కూడా తెల్లబడ్డాయి! 1989లో హేవుడ్, హైమన్ అనే ఇద్దరు ఈ పద్ధతిని శాస్త్రీయంగా ప్రకటించారు. పెరాక్సైడు పింగాణిని గీకదు. దానిలోకి ఇంకి, లోపలి రంగు పదార్థాలను విడగొడుతుంది.

కాని ఇది పిల్లలు తమంతట తాము చేసుకునే పని కాదు. మోతాదు మించితే పళ్ళు జివ్వుమంటాయి, చిగుళ్ళు మండుతాయి. పుచ్చుపన్నుంటే ముందు దానికి వైద్యం జరగాలి. పంటిలో నింపిన సిమెంటు ఈ మందుతో తెల్లబడదు. ఐరోపా కూటమి 2011లో చేసిన నియమం ప్రకారం, ఇటువంటి మందులు 18 ఏళ్ళు నిండనివారికి వాడరాదు. ముదురు చారలకు డాక్టర్లు వేరే పద్ధతులు కూడా చేస్తారు. పై పొరను వెంట్రుకవాసి మాత్రం కొలిచి తీస్తారు, లేదా మచ్చలోకి సన్నని జిగురు ఇంకిస్తారు. ఉదయగిరి పనివాడిలాగా ఎక్కడ ఆపాలో వారికి తెలుసు.

కాబట్టి మన అమ్మాయి ఏం చేయాలి? డాక్టరిచ్చిన అచ్చు తప్పకుండా తొడుక్కోవాలి. జిగురు మిగిలితే తీయించుకోవాలి. తెల్లమచ్చలకు కొన్ని నెలలు గడువియ్యాలి. చారల సంగతి డాక్టరుతో మాట్లాడి, తెల్లబరచే మందు అవసరమైతే పెద్దయినాక వాడుకోవచ్చు. అందాకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాలి. ఆ చారలు ఆమె చేసిన తప్పు కాదు, పళ్ళు తోముకోకపోవటం వల్ల వచ్చినవీ కావు. మీ తరగతిలో అట్లాంటి పళ్ళున్నవారుంటే ఈ సంగతి మీరే నలుగురికీ చెప్పండి.

ఇప్పుడు అమ్మానాన్నలకు ఒక మాట. ఈ అమ్మాయికి రెండేళ్ళ తమ్ముడున్నాడనుకోండి. అక్క తాగిన బోరు నీళ్ళే వాడూ తాగుతున్నాడు. వాడి ముందుపళ్ళు దవడలో ఇప్పుడే తయారవుతున్నాయి. అక్క చారలకు పదేళ్ళ తరువాత చేయించే వైద్యం కంటె, ఇవాళ వాడి చెంబులో పోసే నీళ్ళు మార్చటం తేలిక. గ్రామీణ నీటి సరఫరా వారి ప్రయోగశాలలో నీటిని పరీక్షిస్తారు. ఫ్లోరైడు ఎక్కువని తేలితే, కాచినందువల్ల అది పోదు. నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది. శుద్ధిచేసిన నీరో, పరీక్షించిన చెరువు, నది నీరో తాగాలి. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని మన శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించారు. దానికి నల్లగొండ పద్ధతి అని మన తెలుగు జిల్లా పేరే పెట్టారు.

పిల్లలూ! మీ ఇంట్లో తాగే నీరు ఏ బోరుదో, దానిని ఎవరైనా పరీక్షించారో లేదో, ఇవాళే మీ నాన్ననడగండి. పరీక్షించకపోతే, ఒక శుభ్రమైన సీసా కడిగి ఆయన చేతికివ్వండి.