తారల యింటి దాపరికములు

1935వ సంవత్సరము నవంబరు నెలలో, కాలిఫోర్నియా రాష్ట్రమున వెనిస్ అను సముద్రతీర ప్రాంతమందలి యొక యింట, బయటివారికెవరికిని తెలియనీయకుండ, ఒక ఆడశిశువు జన్మించెను. తల్లి లొరెట్టా యంగ్. ఇరువదిరెండేండ్లకే హాలీవుడ్ అగ్రతారలలో నొకతెగా పేరుగాంచిన నటి. తండ్రి క్లార్క్ గేబుల్. ఆ యేడాది ఫిబ్రవరిలోనే ఉత్తమనటునిగా ఆస్కారు బహుమాన మందుకొన్నవాడు, వివాహితుడు. వారిరువురును ‘కాల్ ఆఫ్ ది వైల్డ్’ చిత్రము కొరకు వాషింగ్టన్ రాష్ట్రమందలి బేకర్ పర్వతము చెంత మంచులో కలిసి పనిచేసియుండిరి. గర్భము సంగతి బయటపడక మునుపే ఆమె ఐరోపా యాత్రకు వెడలి, తిరిగివచ్చి, అనారోగ్యమను మిషతో జనుల కంటబడక దినములు గడపి, ప్రసవించిన పిమ్మట ఆ పసికందును పరుల చేతులలో నుంచి, కొన్నాళ్లు అనాథాశ్రమమున దాచి, ఏడాదిన్నర దాటిన తరువాత ఆ బిడ్డనే దత్తత చేసికొనుచున్నట్లు లోకమునకు చాటి యింటికి తెచ్చుకొనెను. కన్నతల్లియే పెంపుడుతల్లి వేషము వేసికొన్నది.

జూడీ యని పేరు పెట్టబడిన ఆ బాలికకు తండ్రి చెవులు వచ్చినవి. గేబుల్ చెవులు పెద్దవై, తలకంటక వెలికి నిలిచి, తెరపై చూచిన ప్రతివానికిని గుర్తుండిపోవునట్టివి. కావున ఆ బిడ్డ నలుగురిలోనికి వచ్చినపుడెల్ల చెవులు కప్పబడునట్లు తలకు కుళ్లాయి కట్టెడివారు. ఏడేండ్ల వయస్సున శస్త్రచికిత్స చేయించి వానిని వెనుకకు నొక్కించిరి. ఆ కోత, ఆ కట్లు, ఆ నొప్పి తనకెందులకు వచ్చినవో ఆ పిల్లకు నిజము చెప్పినవారు లేరు.

ఇంత పన్నాగమునకు కారణమును ఆ తల్లి స్వభావమునందు మాత్రమే వెదకుట న్యాయము కాదు. ఆమె కాథలిక్కు మతమునందు దృఢభక్తి కలది. గర్భమును తొలగించుకొనుట ఆమెకు మహాపాతకము. బిడ్డను కని బహిరంగముగా పెంచుకొందమన్న, ఆ కాలమున తార యనగా స్టూడియో సొత్తు. ఏండ్ల తరబడి కట్టివేయు ఒడంబడికలలో శీలమునకు సంబంధించిన షరతు లుండెడివి. దానికి భంగము కలిగెనా, పని పోవును. 1921లో రాస్కో ఆర్బకుల్ అను హాస్యనటునిపై వచ్చిన నేరారోపణ దేశమును కుదిపివేయగా, అతడు నిర్దోషియని తీర్పు వెలువడక మునుపే యూనివర్సల్ సంస్థ అట్టి షరతును తన ఒడంబడికలలో చేర్చెను. 1934 నుండి హేస్ నియమావళి తెరమీది కథలనే కఠినముగా అదుపు చేయసాగినది. తెరవెనుక బ్రతుకులకు స్టూడియో ప్రచారశాఖలు కాపలా కాసెడివి. లూయెల్లా పార్సన్స్, హెడ్డా హాపర్ అను ఇరువురు స్త్రీలు పత్రికలలో వ్రాయు శీర్షికలకు తారలు మొదలుకొని నిర్మాతల వరకు వణకెడివారు. అచ్చువేయక విడిచిన వార్తకు బదులుగా అచ్చువేయదగిన వార్త నిచ్చుట అచ్చటి వ్యాపారమర్యాద. జూడీ దత్తత సంగతి లోకమునకు తెలిసినది పార్సన్స్ శీర్షిక ద్వారానే.

జూడీకి పదునైదేండ్ల వయస్సున గేబుల్ ఒకనాడు ఆ యింటికి వచ్చెను. ఆమె ప్రక్కన కూర్చుండి, ఆమెను గూర్చిన సంగతు లెన్నియో యడిగి, వెడలునపుడు నుదుట ముద్దిడి పోయెను. అంతటి నటుడు తనతో అంతసేపు మాటలాడెనని ఆ బాలిక ఆశ్చర్యపడినదే కాని, వచ్చినవాడెవడో యెరుగదు. మరల అతనిని కలిసికొనుట ఆమెకు పొసగలేదు. 1958లో, పెండ్లికి మునుపు, తన పుట్టుపూర్వోత్తరములు తనకే తెలియవని కాబోవు భర్తతో చెప్పుకొని బాధపడగా, నీవు గేబుల్ కూతురవని అందరికిని తెలిసినదే గదా యని అతడనెను. తల్లి నోట ఆ మాట వినుటకు మరి యెనిమిదేండ్లు పట్టినది. అప్పటికి గేబుల్ మరణించి ఆరేండ్లు. ఊరంతయు నెరిగిన సంగతి, ఆ సంగతికి మూలమైన పిల్ల యొక్కతె యెరుగదు.

చిత్రసీమను గూర్చి కౌమారవయస్కుల కొరకు వ్రాయబడు నవలలకు జీవగఱ్ఱ ఈ యొక్క వాక్యమునందే యున్నదని నా నమ్మకము. అపవాదు బయటివారిది, దానిని పత్రికలు అమ్ముకొనును, జనులు కొనుక్కొందురు, నాలుగు దినములకు మరచెదరు. దాపరికము లోపలివారిది, అది భోజనపు బల్లయొద్ద కూర్చుండును, అల్మారాలో తాళము వేయబడి యుండును, పెద్దలిరువురు మాటలాడుచు పిల్లవాడు గదిలోనికి రాగానే మాట మార్చుటలో నుండును. పెద్దల కొరకు వ్రాసిన సినిమా నవలలు అనేకముగా అపవాదును పట్టుకొని నడచును. కౌమారనవల, మంచిదైనచో, దాపరికమును పట్టుకొని నడచును. ఏలననగా, నేనెవరిబిడ్డను, నావారు నాకు చెప్పిన నా కథ నిజమా యని పదునాలుగు పదునాఱేండ్ల ప్రాయమున ప్రతి పిల్లయు, ప్రతి పిల్లవాడును తమలో తామడుగుకొను ప్రశ్న అదే. తార లెవరును లేని సామాన్య గృహములందును ఆ ప్రశ్న పుట్టును; చిత్రసీమ దానికి పెద్ద వెలుతురు నిచ్చును, అంతే.

అమెరికాలో ఈ వయస్సువారికి ప్రత్యేకమైన సాహిత్యమను మాట స్థిరపడినది 1967లో ఎస్.ఇ. హింటన్ వ్రాసిన ‘ది అవుట్‌సైడర్స్’ తరువాత. అప్పటికి ఆ రచయిత్రియే యింకను ఇరువదేండ్లు నిండనిది. కౌమారుల బాధలను కౌమారుల కంటితో చూచుట అన్న నియమమును ఆ నవల నిలిపినది. ఆ నియమమును తారల యిండ్లకు అన్వయింపజేసిన రచనలలో నాకు మిక్కిలి నచ్చినది నీనా లకూర్ 2014లో ప్రకటించిన ‘ఎవ్రీథింగ్ లీడ్స్ టు యూ’.

దాని కథానాయిక ఎమీ పదునెనిమిదేండ్ల యువతి. లాస్ ఏంజెలెస్‌లో సినిమా సెట్లను తీర్చిదిద్దు పనిలో మెలకువలు నేర్చుకొనుచున్నది. ఒక సోఫా రంగు, ఒక గోడమీది పటము పాత్ర స్వభావమును మాటలకంటె ముందే చెప్పునని యెరిగినది. క్లైడ్ జోన్స్ అను పాతకాలపు కౌబాయ్ చిత్రముల నటుడు, రచయిత్రి కల్పించినవాడు, మరణించగా అతని యింటి సామగ్రి నంతయు అమ్మకమునకు పెట్టుదురు. ఎమీ తన స్నేహితురాలు షార్లెట్టుతో అచ్చటికి పోయి, ఆ గదులలో తిరిగి, ఒక పాత గ్రామఫోను రికార్డు కొనితెచ్చుకొనును. దాని అట్టలో ఒక ఉత్తరము. ఆ యుత్తరము కారొలిన్ అను స్త్రీకి వ్రాయబడినది, ఆమెకు చేరలేదు. వెదకిచూడగా ఆమె మరణించియున్నది. ఆమె కూతురు ఏవా, పెంపుడుతల్లి చేతులలో పెరిగి, ఆమెతో పొసగక యిల్లు విడిచి, తాను ఆ మహానటుని మనుమరాలనని కలలోనైన నెరుగక బ్రతుకుచున్నది.

ఈ కథలో నేను మెచ్చుకొనునది రహస్యము వీడిన విధానము కాదు. అది నవల సగము కాకమునుపే వీడిపోవును. ఏవా జీవితమును ఎమీ మొదట సినిమా కథవలె చూచును. పోయిన ఉత్తరము, దాగిన వంశము, కనులకింపైన యొక పిల్ల, ఇంకేమి కావలెను? సెట్టును తీర్చు చేయి దుఃఖమును గూడ అందముగా తీర్చబోవును. అట్లు చేయుచున్నానని ఎమీకి తెలిసివచ్చుటయే ఆ నవలలోని పరిణతి. ఏవాకు కావలసినది కథ కాదు. తల్లి యెట్లు చనిపోయినదో, ఆమెను తండ్రి యేల దగ్గరకు తీయలేకపోయెనో, తన్ను పెంచిన స్త్రీ యేమి దాచినదో, ఎందులకు దాచినదో తెలియుట. ఎమీకి ఏవాపై ప్రేమ కలుగును. ఆ ప్రేమ యీ తెలివిడి తరువాతనే నిలద్రొక్కుకొనును. ఒక యువతి మరియొక యువతిని ప్రేమించుటను రచయిత్రి యే ఆర్భాటమును లేక, ఏ నీతిబోధయు లేక, ఆ వయస్సు వారి ఏ ప్రేమనైనను వ్రాసినట్లే వ్రాసినది.

ఈ కోవలో తక్కిన పుస్తకములన్నియు ఇట్టివి కావు. రేచెల్ షూకర్ట్ 2013లో వెలువరించిన ‘స్టార్‌స్ట్రక్’ 1930లనాటి స్టూడియోను నేపథ్యముగా గైకొని, పేరు, వంశము మార్చుకొని తారలగుటకు వచ్చిన పిల్లల బ్రతుకులను వేగముగా చదివించును గాని, విందులు, ఉడుపులు, మత్సరములు కథను తరచుగా ఈడ్చుకొనిపోవును. అంతకంటె తక్కువరకపువి అనేకములు గలవు; వానిలో రహస్యము నూరవపుటలో బాంబువలె ప్రేలును, ఆ ప్రేలుడు తరువాత ఆ యింటివారు మరునాటి ఉదయము ఒకరి ముఖ మొకరు ఎట్లు చూచుకొందురో రచయితకు పట్టదు.

నిజజీవితమునందలి దాపరికములు కల్పనను మించినవి. జాక్ నికల్‌సన్ 1937లో జన్మించి, ఈథెల్ మే అను స్త్రీని తల్లియనియు, జూన్ అను స్త్రీని అక్కయనియు నమ్మి పెరిగెను. 1974లో ‘టైమ్’ పత్రికవారు అతనిని గూర్చి వ్యాసమునకు వివరములు సేకరించుచు నిజమును కనుగొనిరి: జూన్ అతని తల్లి, ఈథెల్ మే అమ్మమ్మ. అప్పటికి ఇరువురును కాలము చేసియుండిరి. ముప్పదియేడేండ్ల ప్రసిద్ధ నటునికి తన తల్లి యెవరో విలేఖరులు చెప్పవలసివచ్చినది.

మెర్ల్ ఓబెరాన్ గాథ మనకు మరింత సమీపమైనది. 1911లో బొంబాయిలో జన్మించి, కలకత్తాలో పెరిగిన ఆ మిశ్రవంశపు బాలిక, ఇంగ్లండునకు పోయి నటియై, తాను టాస్మేనియాలో పుట్టితినని చెప్పుకొనెను. 1935 నాటి ‘ది డార్క్ ఏంజెల్’ చిత్రమునకు ఆస్కారు పరిశీలనకెక్కినది. తన్ను పెంచిన షార్లెట్ సెల్బీ నల్లని మేనిచాయ కలది కావున, అతిథుల యెదుట ఆమెను పనిమనిషిగా చూపినట్లు చెప్పుదురు. ఆమె మరణించిన పిమ్మట చిత్రకారునిచేత ఆమె పటమును వ్రాయించినపుడు చాయను తెలుపు చేయించినది. మెర్ల్ తల్లిగా లోకము నమ్మిన ఆ షార్లెట్టు సయితము నిజమునకు అమ్మమ్మ. కన్నతల్లి షార్లెట్ కూతురు, చిన్నప్రాయమున బిడ్డను కన్నది. అట్టి బొంకును ఒక స్త్రీచేత జీవితాంతము మోయించినది ఆమె అహంకారము కాదు. భారతీయ రక్తము గల నటికి తెరమీద నాయికగా చోటివ్వని నాటి లోకము.

మన ప్రాంతమున, తెలుగు చిత్రములకును పుట్టిల్లయిన మద్రాసులో, అపవాదు ఎంతటి ప్రాణాంతకమో 1944 నవంబరులో తెలిసినది. నటీనటుల రహస్యములను అచ్చువేసి జీవించిన లక్ష్మీకాంతన్ అను పత్రికాసంపాదకుని హత్యకేసులో నటులైన త్యాగరాజ భాగవతారు, ఎన్.ఎస్. కృష్ణన్‌లకు శిక్షపడి, వారు 1947లో నిర్దోషులుగా బయటికి వచ్చిరి. ఆ సంవత్సరము జూలైలోనే ఆ నగరమున నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ‘చందమామ’ను ప్రారంభించిరి. కొద్దియేండ్లకే విజయా సంస్థ పక్షమున ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసినవారును వారే. తారల లోకమును అంత దగ్గరగా నెరిగిన ఆ పెద్దలు పిల్లల చేతికి రాజకుమారులను, బేతాళుని, రాక్షసులను ఇచ్చిరి, చిత్రసీమను ఇయ్యలేదు. ఆ నిర్ణయమునందు వాత్సల్యము గలదని నేను తలతును. అయినను చందమామను దాటి, పెద్దల నవలలను ఇంకను చేరని మన పదునైదేండ్ల పిల్లలకు, వంశములు వంశములుగా సాగుచున్న మన చిత్రపరిశ్రమ కుటుంబములను లోపలినుండి చూపు నవల తెలుగున రావలసియున్నది. దానిని వ్రాయుటకు యే నిజమైన కుటుంబపు గుట్టును రట్టు చేయ నక్కరలేదు. లకూర్ చేసినట్లు నటుని కల్పించుకొని, బాధను మాత్రము నిజముగా నుంచిన చాలును.

యంగ్ కూతురు జూడీ లూయిస్ తానును చేపట్టిన నటనము విడిచి చదువుకొని, కుటుంబములలోని కలతలకు సలహా చెప్పు వృత్తి నవలంబించెను. 1994లో తన కథను ‘అన్‌కామన్ నాలెడ్జ్’ అను గ్రంథముగా వెలువరించగా తల్లీకూతుళ్లకు మాటలు తెగినవి. కొన్నేండ్లకు మరల కలిసిరి. లొరెట్టా యంగ్ 2000లో మరణించిన పిమ్మట వెలువడిన ఆమె జీవితచరిత్రలో, జూడీ తనకును గేబుల్‌కును పుట్టిన బిడ్డయే యన్న ఆమె యొప్పుకోలు అచ్చుపడినది. జూడీ 2011లో కన్నుమూసెను. మరి నాలుగేండ్లకు యంగ్ కోడలు ఒక సంగతిని బయటపెట్టినది: మంచుకొండల నుండి తిరిగివచ్చు రైలులో గేబుల్‌తో జరిగినది తన యిష్టముతో జరిగినది కాదని యంగ్ తన వార్ధక్యమున చెప్పినదట, తల్లీకూతుళ్లిరువురును జీవించియున్నంతకాలము కుటుంబమువారు దానిని బయటికి రానీయలేదట. ఆ మాటకు బదులు చెప్పుటకు గేబుల్ లేడు. జూడీ తన గ్రంథమునందు తన పుట్టుకను ఒక ప్రణయఫలముగానే వ్రాసికొనియుండెను.